కోప్టుల నారబట్టలు



ఈరోజు ఈజిప్టు దేశంలో పదిహేను వందల ఏళ్ల కిందట సామాన్యులు తొడుక్కున్న నారబట్టల గురించి, ఆ నేతపని గురించి మీతో నాలుగు మాటలు పంచుకుంటాను. ఎక్కడి ఈజిప్టు, ఎక్కడి మన బళ్లారి అని మీరు అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పడం కోసం ఈ సంగతులు చదవడం మొదలుపెడితే, ఆ చదువు నన్ను మా ఇంట్లో ట్రంకుపెట్టె దాకా తీసుకువచ్చింది. అందుకని ముందు మా ఇంటి సంగతే చెబుతాను.

1992లో నేను ఏడో తరగతి చదువుతున్నాను. ఒకరోజు మధ్యాహ్నం పాత జరీ కొంటామని కేకవేసుకుంటూ మా వీధిలోకి ఒక మనిషి వచ్చాడు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉంది. మా అవ్వ తన పెళ్లి పట్టుచీర బయటికి తీసింది. అతను అంచులు రెండూ, కొంగూ కత్తెరతో కోసి, తక్కెడలో తూచి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లిపోయాడు. నడిమి గుడ్డ మాత్రం మాకే వదిలేశాడు. దానికి తూకం లేదుగా. ఇంట్లో దాన్ని మూటగుడ్డ చేసుకున్నాం. తూగేదే విలువైనదని ఆ రోజు మేమందరం నమ్మాం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, చివరికి మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఇప్పుడు ఈజిప్టుకు వెళదాం. కోప్టులంటే ఈజిప్టు క్రైస్తవులు. గ్రీకులు ఆ దేశాన్ని ఐగుప్తోస్ అనేవారు. తెలుగు బైబిలులో ఐగుప్తు అని ఉండేది ఆ మాటే. అరబ్బుల నోట అది ఖిబ్త్ అయింది, దాని నుంచి కోప్ట్ వచ్చింది. అంటే ఆ పేరుకు అసలు అర్థం ఈజిప్టువాడు అనే. మ్యూజియంలవారు కోప్టిక్ బట్టలు అని పిలిచేవి సుమారుగా క్రీస్తుశకం మూడో శతాబ్దం నుంచి, అరబ్బులు వచ్చాక కొన్ని వందల ఏళ్ల దాకా నేసినవి. వాటిని నేసినవారు, కట్టినవారు అందరూ క్రైస్తవులే అనుకోకూడదు. ఒక బట్టమీద శిలువ ఉంటుంది, ఇంకోదాని మీద ద్రాక్షతీగెల నడుమ నాట్యమాడే గ్రీకు దేవత ఉంటుంది, మరోదాని మీద నైలు నదిలోని చేపలు, బాతులు ఉంటాయి. ఒకే ఊళ్లో పక్కపక్క ఇళ్లలో ఇవన్నీ ఉండేవి.

ఆ బట్టకు మూలం అవిసె నార. మన పెరట్లో పెంచే అవిసె చెట్టు కాదు సుమా. నేలమీద మూడడుగుల ఎత్తు పెరిగి నీలిపూలు పూసే చిన్న మొక్క. దాని గింజలు మనకు తెలిసినవే. మన కన్నడ ఇళ్లలో అగసె చట్నీపొడి చేస్తారు కదా, ఆ గింజలే. మహారాష్ట్ర వైపు వినేవారు జవస్ అంటారు. మనం గింజ కోసం పండిస్తే, వాళ్లు కాడ కోసం పండించారు. కొట్లలో ఇప్పుడు లినెన్ చొక్కా అని అమ్మేది ఆ కాడలోని నారతో చేసిన బట్టే. ఈజిప్టు పత్తికి లోకమంతా పేరుంది గాని, అక్కడ పత్తి పెద్ద ఎత్తున పండడం 1820ల తర్వాతి మాట. అంతకు ముందు వేల ఏళ్లపాటు ఆ దేశపు బట్ట అంటే ప్రధానంగా నారబట్టే.

అవిసెను కొడవలితో కోయరు, వేళ్లతో సహా పీకుతారు. కోస్తే నార పొడవు తగ్గిపోతుంది. కాడ ఇంకా లేతగా ఉన్నప్పుడు పీకితే సన్నని దారం వస్తుంది. బాగా ముదిరాక పీకితే మోకులకు, చాపలకు పనికివచ్చే మోటు నార వస్తుంది. పీకిన కాడల నుంచి గింజలు దువ్వి తీసి, కట్టలు కట్టి నీళ్లలో నానబెడతారు. గోగుకట్టెలు, జనుము చెరువులో నానవేసి నార తీయడం చూసినవారికి ఈ పని వేరే చెప్పనక్కర్లేదు. ఆ వాసన కూడా చెప్పనక్కర్లేదు! నానిన కాడలను ఎండబెట్టి, కొట్టి, పుల్లలు దులిపి, నారను దువ్వుతారు. అప్పుడు పొడుగాటి తలవెంట్రుకల్లాంటి నార చేతికి వస్తుంది. దాన్ని తడిచేసి కదురు మీద వడుకుతారు.

ఇక్కడ ఒక చిన్న విషయం చూడండి. అవిసె నార తడిస్తే తనంతట తానే ఒక పక్కకు మెలి తిరుగుతుంది. ఈజిప్టువాళ్లు ఆ పక్కకే వడి ఇచ్చేవారు. దారాన్ని నిలువుగా పట్టుకుని చూస్తే ఇంగ్లీషు ఎస్ అక్షరం నడిమి గీతలాగా మెలి కనిపిస్తుంది. మనదేశంలో పత్తి వడికేవారి వడి దీనికి ఎదురు, జడ్ అక్షరం గీతలాగా ఉంటుంది. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికె అనే పాత రేవుపట్నాన్ని తవ్వినప్పుడు, క్రీస్తుశకం 4, 5 శతాబ్దాలనాటి పత్తిబట్టల ముక్కలు దొరికాయి. వాటిలో చాలావాటిని మనదేశం నుంచి వెళ్లినవిగా పరిశోధకులు గుర్తించడానికి ఈ వడే పెద్ద ఆధారమైంది. పేరు రాయని మనిషి చేతివాటం దారంలో అలా మిగిలిపోయింది. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడు ఒకరు రాసిన పెరిప్లస్ అనే పుస్తకం మసాలియా అనే ప్రాంతంలో సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని చెబుతుంది. ఆ మసాలియా మన కృష్ణానది సముద్రంలో కలిసే తీరమని చరిత్రకారులు చెబుతారు. అంటే ఆ కాలానికే మన నేతగాళ్ల పని పడమటి సముద్రాల దాకా తెలుసన్నమాట.

మళ్లీ కోప్టుల మగ్గం దగ్గరికి వద్దాం. నారబట్టకు ఒక చిక్కుంది. దానికి రంగు సరిగా పట్టదు. గొర్రె ఉన్నికి రంగు బాగా పడుతుంది. అందుకని నేతగాళ్లు ఒక ఉపాయం చేశారు. పడుగంతా తెల్లని నార, సాదా భాగంలో పేక కూడా నారే. పువ్వు రావలసిన చోట మాత్రం రంగులద్దిన ఉన్ని దారం పేకగా వేసి, పడుగు కనిపించకుండా దగ్గరగా నొక్కేవారు. ఇది బట్ట మీద తర్వాత సూదితో కుట్టినది కాదు, మగ్గం మీదే బట్టతోపాటు పుట్టినది. ఎరుపుకు మంజిష్ఠ జాతి వేరు, నీలానికి నీలిజాతి ఆకు, పసుపుకు మరో మొక్క. వీటిని ఒకదానిపై ఒకటి అద్ది ఎన్నో రంగులు తెప్పించేవారు. అసలైన ఊదారంగు సముద్రపు నత్తల నుంచి వచ్చేది, దాని ధర రాజులకే అందేది. మరి సామాన్యుడికి ఊదారంగు కావాలంటే? మంజిష్ఠనూ నీలినీ కలిపి నకలు ఊదా చేసేవారు. ఇలాంటి నకలు రంగుల పద్ధతులు వరసగా రాసిపెట్టిన పపైరస్ ఒకటి ఈజిప్టులోనే దొరికింది. అది సుమారు క్రీ.శ. 300 నాటిది. ఇప్పుడు స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఉండడం వల్ల దాన్ని స్టాక్‌హోం పపైరస్ అంటారు.

వాళ్లు తొడుక్కున్న ప్రధానమైన వస్త్రం ట్యూనిక్. మోకాళ్ల దాకానో, ఇంకా కిందికో దిగే జుబ్బా వంటిది. దాన్ని దర్జీ కత్తిరించి కుట్టడు. మగ్గం మీదే చొక్కా ఆకారంలో నేస్తారు. ఎలాగంటే, ముందు ఒక చేయి అంచు దగ్గర మొదలుపెడతారు. చేయి పూర్తయ్యాక బట్టను రెండువైపులా వెడల్పు చేసి ఒంటి భాగం నేస్తారు. నడుమ తల దూరడానికి సందు వదులుతారు. మళ్లీ ఇరుకు చేసి రెండో చేయి నేస్తారు. మగ్గం నుంచి దింపితే అది పెద్ద శిలువ ఆకారంలో పరుచుకుంటుంది. దాన్ని పక్కకు తిప్పి, భుజాల దగ్గర మడిచి, చంకల కింద నుంచి ప్రక్కలు కుడితే చొక్కా సిద్ధం. ముందు భాగం, వెనుక భాగం కలిపి ఒకే వెడల్పులో రావాలి కాబట్టి ఆ మగ్గాలు రెండు మీటర్లకు పైగా వెడల్పుండేవి. మన చీరల మగ్గానికి దాదాపు రెట్టింపు. భుజాల మీదుగా ముందుకూ వెనక్కూ రెండు నిలువు పట్టీలు, భుజాల దగ్గర, మోకాళ్ల దగ్గర గుండ్రటి బిళ్లలో చదరపు బిళ్లలో, చేతుల చివర పట్టీలు, ఇవీ దాని అలంకారాలు. చాలా చొక్కాలకు నడుము దగ్గర ఒక మడత కుట్టి పొడవు సరిచేసేవారు. పిల్లల యూనిఫాం పావడాకు కింద మడతపెట్టి కుట్టించే తల్లులకు ఆ మడత సంగతి నేను చెప్పాలా?

ఈ పని ఎవరు, ఎలా నేర్చుకునేవారు? ఈజిప్టు ఇసుకలో బట్టలతోపాటు కాగితాలూ దొరికాయి. కోప్టిక్ కాలానికి కొంచెం ముందుది, క్రీ.శ. 66 నాటి ఒప్పందపత్రం ఒకటుంది. ఆక్సిరింకస్ అనే ఊరిలో త్రిఫోన్ అనే నేతగాడు తన కొడుకు థోనిస్‌ను టోలెమీయస్ అనే మరో నేతగాడి దగ్గర ఏడాదిపాటు పని నేర్చుకోవడానికి పెట్టాడు. కుర్రాడికి తిండీ బట్టా తండ్రే చూసుకోవాలి. తిండి ఖర్చుకని గురువు నెలకు ఐదు ద్రాక్మాలు, బట్టలకని ఏడాది చివర పన్నెండు ద్రాక్మాలు తండ్రికి ఇవ్వాలి. కుర్రాడు ఎన్నిరోజులు ఎగ్గొడితే అన్నిరోజులు అదనంగా పనిచేయాలి, లేదంటే రోజుకొక ద్రాక్మా జరిమానా. మా స్కూలు హాజరుపట్టీ ఇంత గట్టిది కాదు! ఈ త్రిఫోన్ గురించే ఇంకో కాగితం ఉంది. అది క్రీ.శ. 52 నాటిది. కళ్లలో శుక్లాలు, చూపు మందగించింది అనే కారణంతో అతణ్ణి సైనికసేవ నుంచి వదిలిపెట్టారు. అతని చూపు పోవడానికి మగ్గమే కారణమని ఆ కాగితం చెప్పదు. కానీ సన్నదారం మీద కళ్లు పెట్టి బతికినవారు మన ఊళ్లలోనూ ఉన్నారు, వారి కళ్లు మనం చూశాం.

ఇంత పాత బట్ట చెదలు పట్టకుండా ఎలా మిగిలింది? నైలు నది వరద అందని ఎత్తున, ఎడారి ఇసుకలో శ్మశానాలుండేవి. అక్కడ చెమ్మ లేదు. పాతకాలంలోలాగా శవానికి మమ్మీ చేయడం క్రమంగా తగ్గిపోయి, మనిషిని మామూలుగా తొడుక్కునే బట్టలతోనే, వాటిపైన ఇంట్లోని పాత దుప్పట్లు, తెరలు చుట్టి పూడ్చేవారు. అతుకులు వేసినవీ, చిరుగులు కుట్టినవీ వాటిలో చాలా ఉన్నాయి. 1880లలో అఖ్మీమ్ అనే ఊరిలో, 1896 నుంచి అంటినోయె అనే పాత నగరంలో ఈ సమాధులు పెద్ద ఎత్తున తవ్వారు. రెండు వేల ఏళ్ల కిందటే స్త్రాబో అనే గ్రీకు రచయిత అఖ్మీమ్‌ను నారబట్ట నేతగాళ్ల పాత ఊరని రాశాడు. నేత పేరు ఆ ఊరికి ఇప్పటికీ ఉంది.

ఇక్కడే మా అవ్వ చీర నాకు గుర్తొచ్చింది. తవ్వినవారూ, అమ్మినవారూ రంగురంగుల బిళ్లలు, పట్టీలు కత్తిరించుకుని, సాదా తెల్లని నారబట్టను చాలావరకు పారేశారు. రంగు ముక్కకే ధర ఉంది మరి. ఆ రోజుల్లో ఫ్రాంజ్ బోక్ అనే జర్మన్ సేకరణకర్త ఒక్కొక్క బట్టను ముక్కలుచేసి వేర్వేరు మ్యూజియంలకు ఇచ్చేవాడు. దాంతో ఆయనకు కత్తెర బోక్ అనే పేరు స్థిరపడింది. అందువల్ల ఈనాడు యూరపు, అమెరికా మ్యూజియంలలో కోప్టిక్ ముక్కలు వేలకొద్దీ ఉన్నాయి గాని, పూర్తి చొక్కాలు తక్కువ. గుండ్రటి బిళ్ల చూస్తాం. అది మగవాడి చొక్కాదో, ఆడమనిషిదో, పసిపిల్లదో తెలియదు. ఎవరి పక్కన పడుకోబెట్టారో తెలియదు. ఎక్కడ చిరిగితే ఎవరు కుట్టారో తెలియదు. ఆ కబుర్లన్నీ సాదా గుడ్డలోనే ఉండేవి.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి వినండి. 1913లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టులోని తర్ఖాన్‌లో తవ్వుతూ మట్టికొట్టుకున్న నారగుడ్డల కుప్ప ఒకటి చూశాడు. రంగు లేదు, పువ్వు లేదు. అయినా పారేయకుండా లండన్ చేర్చాడు. ఆ మూటను అరవై ఏళ్లకు పైగా ఎవరూ విప్పలేదు. 1977లో శుభ్రం చేయడానికి విప్పితే అందులో చేతులున్న ఒక చొక్కా బయటపడింది. మోచేతుల దగ్గర, చంకల దగ్గర మడతలు అలాగే ఉన్నాయి, అంటే ఎవరో నిజంగా తొడుక్కున్నది. తర్వాత జరిపిన కార్బన్ పరీక్ష ఫలితం 2016లో వెలువడింది. క్రీస్తుపూర్వం 3482కూ 3102కూ మధ్యది, అంటే ఐదువేల ఏళ్లు దాటినది. లోకంలో ఇప్పటిదాకా దొరికిన నేత దుస్తులలో అతి పాతది అదేనని చెబుతున్నారు. పనికిరాని గుడ్డ అని అనుకున్న మూటలో ఉన్నది అది!

అంటినోయె చెత్తకుప్పలో ఒక చిన్నపిల్లవాడి మేజోడు దొరికింది. సుమారు క్రీ.శ. 300 నాటిది, ఎడమకాలిది. చెప్పు పట్టీ దూరడానికి బొటనవేలికి విడిగా అర ఉంది. 2018లో బ్రిటిష్ మ్యూజియంవారు దాన్ని పాడుచేయకుండా ప్రత్యేకమైన వెలుగులో ఫోటోలు తీసి పరీక్షించారు. అందులోని చారల రంగులన్నీ మూడే మూడు మొక్కల నుంచి వచ్చాయని తేలింది. అమ్మకానికి పనికిరాని ఆ ఒక్క మేజోడు ఒక ఇంటి పొదుపునూ, ముచ్చటనూ మనకు చెబుతోంది.

క్రీ.శ. 642 నాటికి ఈజిప్టు అరబ్బుల పాలనలోకి వచ్చింది. మగ్గాలు ఆగలేదు. అదే నేతగాళ్లు అరబీ అక్షరాలు నేసిన బట్టలు కొత్త పాలకుల కోసం నేశారు. తొలి ఖలీఫాల కాలంలో మక్కాలోని కాబాకు కప్పిన వస్త్రాల్లో ఖబాతీ అనే ఈజిప్టు బట్ట ఉండేదని అరబ్ చరిత్రకారులు రాశారు. ఖబాతీ అంటే కోప్టుల బట్ట అనే. మతం, పాలన మారినా చేతిపని నిలిచింది. కానీ భాష సంగతి అలా జరగలేదు. ఫారోల కాలపు భాషకు చివరి రూపమైన కోప్టిక్‌ను గ్రీకు అక్షరాలతో రాసేవారు. బజారులో, కచేరీలో అరబీ వచ్చింది, తర్వాత నెమ్మదిగా ఇంట్లోకీ వచ్చింది. ఇప్పుడు కోప్టులు ఇళ్లలో మాట్లాడేది అరబీ. కోప్టిక్ భాష చర్చి ప్రార్థనల్లో, కీర్తనల్లో మిగిలింది. అదీ గొప్పే. వారు దాన్ని భక్తితో కాపాడుకుంటున్నారు. అయితే ప్రార్థన పువ్వులాంటిది. వంటింట్లో, వీధి అరుగు మీద మాట్లాడుకునే మాట సాదా గుడ్డలాంటిది.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఈ సంగతి వేరుగా వినిపిస్తుంది. నేను బడిలో కన్నడంలో పాఠం చెబుతాను, అది నాకు అన్నం పెట్టిన భాష, దానిమీద నాకు ప్రేమ ఉంది. పడుగూపేకలను కన్నడంలో హాసుహొక్కు అంటారు, మన ఊళ్లలో రెండు భాషలూ అలాగే కలిసి ఉన్నాయి. కానీ పండుగకు ఒక తెలుగు పాట, పెళ్లికి ఒక తెలుగు పద్యం ఉంచుకుని, పిల్లలతో రోజూ మాట్లాడే తెలుగును వదిలేస్తే, మనం కూడా అంచు దాచుకుని చీర పారేసినట్టే కదా?

నిరాశ పడవలసిన పనిలేదు. కైరో దగ్గర హర్రానియా అనే పల్లెలో 1951లో రంసీస్ విస్సా వాసెఫ్ అనే కోప్టు వాస్తుశిల్పి పల్లెపిల్లలకు మగ్గాలు ఇచ్చి ఒక నేతకేంద్రం పెట్టాడు. నమూనా చూసి నేయకూడదు, ముందుగా బొమ్మ గీసుకోకూడదు, పెద్దవాళ్లు వంకలు పెట్టకూడదు. ఇవే అక్కడి నియమాలు. పిల్లలు తమ పొలాలను, పక్షులను, చెట్లను ఉన్నితో నేశారు. ఆయన 1974లో పోయాడు. అక్కడ నేర్చిన పిల్లలు చాలామంది పెద్దయ్యాక కూడా నేస్తూనే ఉన్నారు. ఉపాధ్యాయుడిగా ఆ మూడో నియమం పాటించడమే నాకు అన్నిటికన్నా కష్టం!

చివరిగా మా ట్రంకుపెట్టె సంగతి. రెండేళ్ల కిందట అమ్మ పాత కాగితాల మూట విప్పమంది. మూటగుడ్డ అవ్వ చీర నడిమి గుడ్డే. వెలుతురులో పట్టుకుని చూస్తే ఒక మూల పసుపు మరక, ఇంకోచోట అవ్వ చేతి రఫ్ఫు. ఆ పసుపు పెళ్లిపీటల మీదిదని అమ్మ చెప్పింది. రఫ్ఫు ఎప్పుడు పడిందో, ఎలా చిరిగిందో అమ్మ గంటసేపు చెప్పింది. చెప్పిందంతా తెలుగులోనే. జరీ అమ్మిన డబ్బు ఎంతో మాత్రం ఇద్దరికీ గుర్తులేదు.

శ్రోతలారా, మీ ఇళ్లలోనూ ఇలాంటి గుడ్డ ఒకటి ఉంటుంది. దాన్ని ఉతికి ఆరబెట్టి, తెల్లని పాతగుడ్డలో చుట్టి, ఒక చీటీ రాసి పెట్టండి. ఎవరిది, ఏ ఊళ్లో నేశారు, ఏ ఏడాది కట్టారు అని. రాసేది పిల్లల చేత రాయించండి. తెలుగులో రాయించండి. వాళ్లు తప్పులు రాస్తే వంకలు పెట్టకండి.